పిపిట్: సున్న

జూన్ 3, మంగళవారం

నువ్వు చెప్పింది తప్పు, ఓర్విల్. గడ్డినేలలో నడిచేవాళ్ళకు ముందు కళ్ళు పోతాయనేవాడివి. ముందు పోయేవి మోకాళ్ళు. ఈ డైరీ ఎవరూ చదవరు, ఫిబ్రవరిలో సమాధిలో చేరిన నువ్వు అసలే చదవవు. అయినా తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేను. ముప్ఫై నాలుగేళ్ళు బడిపిల్లలు నన్ను తిట్టుకున్నది అందుకే.

శనివారం మన నడక. తూర్పు గేటు నుంచి బైసన్లు ఒళ్ళు రుద్దుకుని నున్నగా చేసిన బండ దాకా. కనిపించిన పిట్టనూ వినిపించిన పిట్టనూ పచ్చ నోటుబుక్కులో ఎక్కించి, నకలు పార్కు ఆఫీసులో ఇవ్వడం. ఇది ముప్ఫై ఒకటోసారి. ఈసారి నీ బదులు మన మనవరాలు టెస్సా వస్తోంది.

జూన్ 5

పార్కులో పనిచేసే లూసియెన్‌కు నా ఉత్తరం అందిందట. మా లెక్కలో పిపిట్ మూడేళ్ళుగా సున్న, మీ నిర్వాకం వల్ల ఒక జాతి పాట ఆగిపోయింది అని రాశాను. మిగతావాళ్ళకు వినిపిస్తూనే ఉంది టీచరమ్మా అన్నాడు, బూట్ల వంక చూస్తూ. మిగతావాళ్ళు విననివి కూడా రాస్తారు అన్నాను. పిపిట్ అంటే గుప్పెడంత బూడిదరంగు పిట్ట. చుక్క కూడా కనబడనంత ఎత్తున ఎగురుతూ పాడుతుంది. దాన్ని చెవితోనే లెక్కపెట్టాలి.

జూన్ 7, ఉదయం 5

గాలి లేదు. ఇక్కడ అది వార్తే. బయల్దేరుతున్నాం.

జూన్ 7, మధ్యాహ్నం

వరసగా రాస్తాను.

ప్రెయిరీ డాగులు, ఆ బొరియల ఉడతలు, మమ్మల్ని చూసి కీచుమంటూ తిట్టిపోశాయి. రెండో లోయలో బైసన్ ఒకటి సరిగ్గా దారి మీద పడుకుంది. ముసలిది. నాలాగే లేచే ఉద్దేశం లేదు. చుట్టూ తిరిగి పోయాం. మెడోలార్క్ పిట్టలు పద్నాలుగు.

బండ దగ్గర టెస్సా ఆగి తల పైకెత్తింది.

"అమ్మమ్మా, అదిగో నీ పిపిట్."

"ఎక్కడ?"

"నెత్తి మీదే ఉందిగా. వినబడట్లేదా?"

ఏమీ లేదన్నాను. అన్నాక గుర్తొచ్చింది, అదే గొంతుతో అదే మాట ఇంతకుముందు ఎక్కడ అన్నానో.

టెస్సా నర్సు. వాదించలేదు. ఫోను తీసి ఆకాశానికేసి పట్టింది. తెరమీద శబ్దాన్ని గీతలుగా చూపే యాప్ ఏదో ఉంది. గీతలు పైనుంచి కిందికి మెట్లు దిగాయి. ఆగాయి. మళ్ళీ దిగాయి. పాటను కళ్ళతో చూశాను. చెవులకు నా ఊపిరి తప్ప ఏమీ లేదు.

పోయినేడాది జూన్ పదిహేను. స్ట్రోకు వచ్చి నీకు మాట పడిపోయింది, నడక లేదు. ట్రక్కులో రోడ్డు మీద నుంచే బండ ఎదుటికి తీసుకొచ్చాను. అద్దం దించగానే నువ్వు వేలు పైకెత్తావు. నవ్వావు. నోటుబుక్కు లాక్కుని పిపిట్ పక్కన ఎడమ చేత్తో ఒక గీత గీశావు. అక్కడేమీ లేదు అని రబ్బరుతో చెరిపాను. మళ్ళీ గీశావు. మళ్ళీ చెరిపాను. పెన్సిల్ తీసుకుని నా జేబులో పెట్టుకున్నాను. మొండి పిల్లలకు అలాగే చేసేదాన్ని.

ఇంటికొచ్చి టెస్సా వాళ్ళమ్మకు ఫోన్ చేశాను. మీ నాన్నకు లేనివి వినిపిస్తున్నాయి, ఇంక మనిషి మనిషి కాదు అన్నాను. తలుపు తెరిచే ఉంది. నువ్వు పక్క గదిలో ఉన్నావు.

ఆ తర్వాత నువ్వు దేనికీ వేలు ఎత్తలేదు. ఆగస్టులో నోటుబుక్కు ఒళ్ళో పెడితే ముట్టుకోలేదు. జబ్బు ముదిరిందనుకున్నాను.

కోతల కాలంలో చెవుల్లో దూది కుక్కుకుని ట్రాక్టరెక్కేవాడివి. ఊరంతా నవ్వేది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. పొలాల్లో బొరియలు తవ్వే గోఫర్లను తుపాకీతో కాల్చడంలో మొదటి బహుమతి తెచ్చుకున్న పిల్లను, ఏనాడూ చెవుల్లో ఏమీ పెట్టుకోనిదాన్ని.

జూన్ 8

ఇవాళ ఏమీ రాయను.

జూన్ 10

లూసియెన్ దగ్గరికి వెళ్ళాను. చెవులు పోయింది నాకు, పిట్టలకు కాదు, ఆ ఉత్తరం చించెయ్యమన్నాను. వాడు కుర్చీ వేసి, మూడేళ్ళ కాగితాలూ తీసి చూపించాడు. నా సున్నల పక్కన ప్రతిసారీ పెన్సిలుతో ఒక ప్రశ్న గుర్తు.

"తెలిసి కూడా చెప్పలేదేంరా?"

"మీకు చెప్పే ధైర్యం ఎక్కడిది టీచరమ్మా? ఏడో తరగతిలోనే పోయింది."

నవ్వాను. అది నవ్వులా రాలేదు కాబోలు, కాఫీ తెస్తానని బయటికెళ్ళాడు. చాలాసేపు రాలేదు. బుద్ధిమంతుడు.

చెప్పి ఉంటే ఆ రోజు రబ్బరు తీసేదాన్ని కాదేమో. తీసేదాన్నే. నా సంగతి నాకు తెలుసు.

జూన్ 12

టెస్సా, ఈ పేజీ చించి నీ కారు అద్దానికి పెడుతున్నాను. టౌనుకు వెళ్ళినప్పుడు చెరగని సిరా పెన్ను ఒకటి కొను. నల్లది, సన్నది. పచ్చ నోటుబుక్కు వంటగది బల్ల సొరుగులో ఉంది. పోయినేడాది జూన్ పదిహేను పేజీ తీసి కిటికీ వెలుతురుకు పట్టు. పిపిట్ దగ్గర, రుద్దిన చోట, తాతయ్య పెన్సిల్ ఒత్తి గీసిన రెండు గీతల గుంటలు కనిపిస్తాయి. కొత్తవి గీయకు, వాటి మీదే దిద్దు. వంకరగా ఉంటాయి.

సరిచేయకు.