ఇరవై ఏడున్నర

ఫిబ్రవరి 4

మొత్తం ముప్పై ఒక్క సైకిల్ టైర్లు. అన్నీ ఇరవై ఆరు అంగుళాలవే. గోనెసంచుల్లో కట్టి ఇంటి అటక మీదికి ఎక్కించాను. అమ్మ కింద నిచ్చెన పట్టుకుని, లోకంలో ఆడవాళ్లు చీరలు దాచుకుంటారు, నా కడుపున పుట్టింది రబ్బరు దాచుకుంటోంది అని గోడతో చెప్పింది.

వాటిని తుక్కువాడికి ఇచ్చెయ్యమన్నాడు అన్నయ్య. ఇచ్చేశానని చెప్పాను. అబద్ధమే.

ఫిబ్రవరి 5

కారణం రాసి పెట్టుకోవాలి. లేకపోతే పదేళ్ల తర్వాత చదివితే నాకే నేను పిచ్చిదాన్నిగా కనిపిస్తాను.

సైకిల్ కంపెనీ మనిషి మొన్న మా షాపుకొచ్చాడు. మేం అతన్ని ఇస్త్రీ అంటాం. వానలో తడిసినా చొక్కా నలగదు. కొత్త కేటలాగు బల్ల మీద పరిచాడు. అందులో కొండ సైకిళ్లన్నీ ఇరవై తొమ్మిది అంగుళాల చక్రాలవే. పొట్టివాళ్ల కోసమట, వెనక రెండు పేజీల్లో ఇరవై ఏడున్నర. ఇరవై ఆరు ఎక్కడా లేదు. అది చచ్చిపోయిందండీ అన్నాడు. రైడర్లే వద్దంటున్నారట.

ఏ రైడర్లు? ఇరవై రెండేళ్లుగా అన్నయ్య షాపులో చక్రాలు కడుతున్నాను. ఒక్కరూ వచ్చి వద్దనలేదు. ముందు కంపెనీ ఈ చక్రాన్ని పట్టే ఫోర్కులు చెయ్యడం ఆపింది. తర్వాత టైర్లు ఆపింది. టైరు దొరకనప్పుడు ఎవరైనా బండి మార్చక ఏం చేస్తారు? కంచం లాగేసి, చూశారా వీళ్లకు ఆకలి తగ్గిపోయింది అన్నట్టుంది.

అన్నయ్యకు డీలర్ బోర్డు కావాలి. లోపల లైట్లు వెలిగే బోర్డు. అదివ్వాలంటే షాపులో ఇరవై ఆరు అనేది కంటికి కనపడకూడదట. నా సైకిల్ కూడా వెనక గదిలోకి పోయింది. నా ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. నా కొలతకు నేనే ఒక్కో ఇనప పుల్ల బిగించుకుని కట్టుకున్న చక్రాలవి.

ఫిబ్రవరి 11

కొండ రేసు ఫారం వచ్చింది. తొమ్మిదేళ్లుగా వెళ్తున్నాను. ఒకసారి మూడో స్థానం, అదే గొప్ప. ఈ ఏడాది గెలుస్తానని లోపల్లోపల అనుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేదు, దిష్టి తగులుతుందని.

ఈసారి స్పాన్సర్ ఇస్త్రీ వాళ్ల కంపెనీ. ఏడో నిబంధన కొత్తది. భద్రత దృష్ట్యా, చక్రం కొలిస్తే ఇరవై ఏడున్నర అంగుళాలకు తగ్గరాదు.

క్లబ్బు సెక్రటరీకి ఫోన్ చేశాను. రిటైరైన లెక్కల మాస్టారు. కంపెనీ రాసిచ్చిందమ్మా, కమిటీ ఒప్పుకుంది, ఇక రాసింది రాసినట్టే జరగాలి అన్నాడు. ఫారం ఎవరైనా ఇవ్వొచ్చట, రేసు పొద్దున తనిఖీలో మాత్రం టేపు చెప్పిందే మాటట.

ఏడ్చాను. కోపంతో ఏడిస్తే లెక్కలోకి రాదు.

ఫిబ్రవరి 12

షాపులో ఇరవై తొమ్మిది ఉందిగా, అదెక్కి గెలువు, మన బోర్డుకూ పేరొస్తుంది అని అన్నయ్య సలహా. అన్నం మానేశాను. రాత్రికి తిన్నాను.

ఫిబ్రవరి 15

ఇరవై తొమ్మిది తొక్కాను. ఇక్కడైనా నిజం రాయాలి కదా. బాగుంది. రాళ్ల దారిలో రాళ్లున్న సంగతే తెలియలేదు. చదును మీద ఒకసారి తొక్కి వదిలితే అలా పోతూనే ఉంది. అంత బాగున్నందుకు ఇంకా ఒళ్లు మండింది.

తర్వాత రేసు దారిలోని ఏడు మలుపుల దిగుడుకు వచ్చాను. ఒక్కో మలుపు దగ్గరా కాలు నేలకు ఆనించాల్సి వచ్చింది. నిటారు దిగుడులో సీటు వెనక్కి జరిగితే వెనక టైరు నా లాగుకు రాసుకుంది. చిరిగింది. ఎక్కడ చిరిగిందో రాయను.

ఆరడుగుల మనిషికి అది వరమే. కాదని ఎవరన్నారు? నాకూ అదే వరమని నా నెత్తిన పెడితేనే బాధ.

ఫిబ్రవరి 20

నా సైకిల్ చక్రాలు విప్పి ఇంట్లో గోడకు తగిలించాను. అమ్మ వచ్చి వాటి మీది మట్టి కొంగుతో తుడిచింది. మరక పడుతుందని మాత్రం గోడతోనే చెప్పింది.

మార్చి 2, మధ్యాహ్నం

షాపు బల్ల మీదే రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి. పోనీ.

ఒకావిడ కొత్త ఇరవై ఏడున్నర సైకిల్‌కు స్పీడ్ మీటర్ పెట్టమంది. మీటర్‌కు చక్రం ఒక చుట్టుకు ఎంత దూరం పోతుందో చెప్పాలి. ఎప్పుడూ చేసే పనే. టైరు మీద సుద్దతో ఒక గీత, నేల మీద ఒక గీత. ఎక్కి కూర్చుని, గీత మళ్లీ నేలను తాకేదాకా తిన్నగా పోనిచ్చి, అక్కడ ఇంకో గీత. టేపు పెట్టాను. రెండు మీటర్ల పదహారు సెంటీమీటర్లు. మీటర్లో కొట్టేశాను. కొట్టి, అలాగే కూర్చుండిపోయాను.

ఇరవై ఏడున్నర అంగుళాల చక్రమైతే రెండు మీటర్ల పందొమ్మిది పోవాలి.

మూడుసార్లు చేశాను. ఆ చక్రం నిజం కొలత ఇరవై ఏడు. అరంగుళం ఉత్తిదే.

మా పనిలో ఇది అందరికీ తెలిసిందే. అవి పేర్లు, కొలతలు కావు. మా వీధిలో చిట్టి అని ఒకాయనున్నాడు, తలుపులో దూరాలంటే వంగాలి. ఆయన్ని పేరు పెట్టి పిలుస్తామే తప్ప కొలిచి చూడం. ఇరవై ఏడున్నర కూడా అంతే. వినడానికి ఇరవై ఆరుకూ ఇరవై తొమ్మిదికీ సరిగ్గా నడిమధ్యన ఉన్నట్టుంటుంది. నిజానికి దాని రిమ్ము నా రిమ్ము కంటే ఒక్క అంగుళమే పెద్దది.

ఏడో నిబంధన రాసినవాడు చక్రాన్ని ఎప్పుడూ నేల మీద పెట్టలేదు. కేటలాగు చూసి రాశాడు.

మార్చి 2, సాయంత్రం

ఫారం నింపి ఇచ్చేశాను. చక్రం: 26. మాస్టారు చదివి జాలిగా చూశాడు. నేను నోరు మెదపలేదు. ఇప్పుడే చెబితే తెల్లారేసరికి ఏడో నిబంధన వేషం మార్చుకుంటుంది.

మార్చి 14

చక్రాలు మళ్లీ బండికి ఎక్కాయి. పుల్లలు ఒక్కొక్కటీ వేలితో మీటి చూశాను. అన్నీ ఒకటే స్వరం. అమ్మ అడిగింది, ఆ కొలత పనికిరాదన్నారుగా మరి ఈ సంగీతం దేనికి అని. రేపు చెబుతానన్నాను.

జేబులో సుద్దముక్క పెట్టుకున్నాను.

మార్చి 15, ఉదయం 6:20

తనిఖీ ఏడింటికి. అన్నయ్య నా వెంటే వచ్చాడు, బోర్డు గురించా నా గురించా తెలియదు.

మార్చి 15, సాయంత్రం

ముందు తనిఖీ. అది రాయకుండా మిగతాది రాయను.

మాస్టారు నా బండికి టేపు పెట్టాడు. ఇరవై ఆరున్నర. చాలదమ్మా, నీకు తెలుసుగా అన్నాడు. తెలుసండీ, మరి అందరివీ కొలుస్తారా అని అడిగాను. ఆయనకు రోషం వచ్చింది. కొలవక?

నా వెనకే కంపెనీ జట్టు అమ్మాయి, ఇరవై ఏడున్నర మీద. ఇస్త్రీ గుడారంలోంచి పరుగున వచ్చి, వాటికి కొలతెందుకు సార్, టైరు మీదే రాసుంది కదా అన్నాడు. అక్కడే పప్పులో కాలేశాడు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషితో, జవాబు పుస్తకం వెనక ఉంది, లెక్క చెయ్యక్కర్లేదు అంటే ఊరుకుంటాడా?

మాస్టారు టేపు పెట్టాడు. ముఖం చిట్లించాడు. చేత్తో పట్టుకున్న టేపు వంగిందేమోనని అనుమానం. అప్పుడు నేను సుద్దముక్క తీసి ఆయన చేతిలో పెట్టాను. సంగతి ఆయనకు ఇట్టే అర్థమైపోయింది. గీత గీసి, అమ్మాయిని ఎక్కి కూర్చోమని, ఒక్క చుట్టు పోనిచ్చాడు. రెండు పదహారు. భాగహారం నోటితోనే చేశాడు. ఇరవై ఏడు అని పెద్దగా చదివాడు, క్లాసుకు వినిపించినట్టు. రెండో బండి. ఇరవై ఏడు. మూడోది. ఇరవై ఏడు.

వచ్చిన యాభై ముగ్గురిలో పందొమ్మిది మంది ఇరవై ఏడున్నర వాళ్లు. అందరూ తప్పారు. ఇస్త్రీ పరిశ్రమ ప్రమాణాలన్నాడు, ఉద్దేశం అన్నాడు. మాస్టారు ఒకటే మాట, రాసింది రాసినట్టే. అయితే పందొమ్మిది మంది ఇంటికి, లేదా ఏడో నిబంధన ఇంటికి. కమిటీ పది నిమిషాలు గుసగుసలాడింది. ఆ తర్వాత మాస్టారు ఎర్ర పెన్నుతో ఏడో నిబంధన మీద అడ్డంగా గీత కొట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. అన్నయ్య ఈల వేశాడు. మా అన్నయ్యకు ఈల వెయ్యడం వచ్చని నాకు తెలియదు.

ఇక రేసు. మగవాళ్లది ముందే అయిపోయింది, తర్వాత మాది. చదును మీద అందరూ నన్ను దాటిపోయారు. పెద్ద చక్రాలు, పోతాయి మరి. ఎక్కుడులో తొమ్మిదోదాన్ని. పై నుంచి ఏడు మలుపులు మొదలయ్యాయి. మొదటి రెండింట్లో నలుగురు కాళ్లు దించారు, నేను దించలేదు. నాలుగో మలుపుకు ఇంకో ముగ్గురు వెనకపడ్డారు. అయిదో మలుపులో కంపెనీ అమ్మాయి బయటి వైపుకు వెడల్పుగా పోయింది, నేను లోపలి నుంచి దూరాను. తర్వాత నా ముందు ఎవరూ లేరు. దారి ఖాళీగా ఉంది. అది ఎలా ఉంటుందో తొమ్మిదేళ్లుగా ఊహించుకుంటున్నాను, ఊహ కంటే బాగుంది.

గెలిచాను. మళ్లీ రాస్తాను. గెలిచాను.

ఆ అమ్మాయి రెండోది. నాకంటే రెండంగుళాలు పొడవేమో, అంతే. నీళ్లు తాగుతూ చెప్పింది, పోయినేడాది ఇరవై తొమ్మిది ఇచ్చారట, ఈ ఏడాది ఇరవై ఏడున్నర, నీకేది కావాలని మూడేళ్లలో ఒక్కరూ అడగలేదట. నా బండి ఒకసారి తొక్కి చూడమన్నాను. వెళ్లింది, ఎంతకీ రాలేదు. నవ్వుతూ తిరుగుతూనే ఉంది. చివరికి నేనే పరిగెత్తి పట్టుకోవాల్సి వచ్చింది.

సుద్దముక్క మాత్రం మాస్టారు తిరిగి ఇవ్వలేదు.

మార్చి 17

పొద్దున్నే అన్నయ్య నిచ్చెన వేసి తనే అటకెక్కాడు. అమ్మ మొదటిరోజే చెప్పేసిందట. ఇన్నాళ్లూ ఇద్దరూ నా ముందు నటించారు! ఆరు టైర్లు దించి షాపు ముందు వేలాడదీశాడు. నా సైకిల్ వాటి పక్కన.

ఇస్త్రీకి ఫోన్ చేసి, మా దగ్గర అన్ని కొలతలూ ఉంటాయి, ఏది కావాలో తొక్కేవాళ్లు చెబుతారు, ఇష్టమైతే బోర్డు ఇవ్వండి అన్నాడు. ఇస్త్రీ పైవాళ్లను అడుగుతానన్నాడు.

మార్చి 24

పైవాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు. ఈలోగా మా అటక సంగతి ఊరంతా పాకింది. నాకంటే పొట్టి ఆవిడ ఒకరు బస్సెక్కి వచ్చి రెండు టైర్లు గుండెలకు హత్తుకుని వెళ్లారు.

నవంబర్ 9

ఇస్త్రీ ఫోన్. ముప్పై రెండు అంగుళాల చక్రం వస్తోందట. రైడర్లే అడుగుతున్నారట. ఇరవై తొమ్మిది ఇక ఉండదట.

అతని సొంత బండి ఇరవై తొమ్మిది. మీ అటక మీద ఇంకా చోటుందా అండీ అని మెల్లగా అడిగాడు.

ఉంది రమ్మన్నాను. నిచ్చెన అమ్మ పట్టుకుంటుంది.