ఎడమ వైపు స్విచ్

మే 5
పొద్దున్నుంచే వడగాలి. షెడ్డు రేకులు కాలుతున్నాయి. వేరుశనగ విత్తే గొర్రులకు ఇనుప పట్టీలు. రోజంతా ఒకటే పని — పట్టీ పెట్టడం, డ్రిల్లు పిడి లాగడం, బెజ్జం, పట్టీ జరపడం, మళ్ళీ పిడి. నాయన ఉన్నప్పటి నుంచీ ఆ పిడి దస్తగిరన్నదే.
మధ్యాహ్నం ఎడమ చేత్తో అన్నం తిన్నాడు. అడిగితే, "కుడిది నోటిదాకా లేయడంల్యాప్పా."

మే 9
ఆ పిడి పని మిషన్ చేస్తే... డ్రిల్లు కంప్రెసర్ గాలితో దిగాలి. పట్టీ జరపడానికి పాత లారీ వైపర్ మోటారు. దస్తగిరన్న వెనక నిలబడి చెయ్యి ఎంత దిగుతుందో చూశాను.
"ఏమప్పా, కొత్తగా చూస్తాండావు? నన్ను తూకమేస్తాండావా?"
ఏం లేదన్నాను. అయ్యాక చూపిద్దామని.

మే 16
కొత్త మిషన్ నడిపి చూస్తే డ్రిల్లు బిట్టు విరిగింది. బెజ్జం అవతలికి తేలేటప్పుడు గాలి ఒక్కసారిగా తోసేస్తోంది.

మే 17
మళ్ళీ విరిగింది. దస్తగిరన్న ముక్కలు ఊడ్చాడు. "దీనికి శానా కోపముండాదే. పెండ్లి చేస్తే తగ్గుతాదేమో." అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

మే 24
గాలి దారి సన్నం చేశాను. నెమ్మదిగా దిగుతోంది. బిట్టు నిలిచింది. స్విచ్ ఎడమ వైపు పెట్టాను — కుడి చెయ్యి ఎత్తే పని లేకుండా. నాకది వాటం కాదు. ఆయనకు వాటం.

మే 25
ఇంట్లో మా ఆవిడ లక్ష్మి — "మిషనొచ్చినాక నువ్వేం చేస్తావన్నా అని టీ అంగట్లో ఆయప్పను ఆట పట్టిస్తాండారంట. అది ఎవరికోసమో ఆయప్పకు చెప్పినావా?"
చూస్తే తెలుస్తుంది కదా అన్నాను.
"చూస్తే యాడ తెలుస్తాది?"

జూన్ 2
చెబుదామని ఆయనతో టీ అంగడి దాకా నడిచాను. వాన గురించి మాట్లాడుకున్నాం.

జూన్ 8
తెల్లవారుజామున వాన. విత్తడానికి మంచి పదును. వేంపల్లె దిక్కు రైతులు గొర్రుల కోసం షెడ్డు ముందు నిలబడ్డారు. మిషన్‌కు నిమ్మకాయ, టెంకాయ. కొత్త మిషన్‌లో తయారైన మొదటి పట్టీని అమ్ముకోం, షెడ్డు గుమ్మానికి కొడతాం. షెడ్డులో పెద్దవాడు చేయాలి అది. నాయన పెట్టిన అలవాటు.
దస్తగిరన్న ఎడమ చేత్తో స్విచ్ నొక్కాడు. బెజ్జాలన్నీ పడేదాకా చూశాడు. వేలితో తడిమాడు.
"బాగుండాయి. ఇంగ మనిషితో పనేముండాది?"
"పట్టీ పెట్టాల కదన్నా."
"పట్టీ ఎవరైనా పెడతారప్పా."
అప్పుడైనా చెప్పాల్సింది. బయట రైతు పిలిచాడు. పోయాను.
తిరిగొచ్చేసరికి ఆ పట్టీ గుమ్మానికి ఉంది. దస్తగిరన్న పాత డ్రిల్లు పిడికి చుట్టుకున్న తన గుడ్డ విప్పుకుంటున్నాడు.

జూన్ 9
దస్తగిరన్న పనికి రాలేదు. మిషన్ మీద ఇంకో పనివాడు వెంకటేశును నిలబెట్టాను. "స్విచ్ ఈడ పెట్టినారేంది, చెయ్యి తిరగడంల్యా. కుడి పక్కకు మార్చుకుందాం." వద్దన్నాను.

జూన్ 11
ముసురు. షెడ్డు తెరవకముందే దస్తగిరన్న ఇంటికి పోయాను. తాళం. పక్కింటామె చెప్పింది — ఆరున్నర బస్సుకు రాయచోటికి, కూతురి దగ్గరికి పోయాడు. ట్రంకుపెట్టె తీసుకుపోయాడు.