మూడో కుర్చీ

పద్నాలుగో తేదీ, గురువారం. మబ్బుగా ఉంది. నీళ్ళ తొట్టి కడిగాను.

డాక్టరమ్మగారికి నమస్కారం. రోజూ చిట్టా ఇలాగే మొదలుపెడతాను, ఉత్తరమూ అలాగే వచ్చింది.

బిడ్డ పోయిన దగ్గర్నుంచి మా కోడలికి మీరు మాటలతో వైద్యం చేస్తున్నారు. మాలాంటి కుటుంబాలకు పెద్దలు పక్కనుంటే మేలని చదివానంటూ నిన్న నాకూ మూడో కుర్చీ వేయించారు. నేను కూర్చున్నాను. మామగారి ఎదుట కూర్చోకూడదని పిల్ల గంటసేపూ నిలబడే ఉంది. "ఎవరిమీదైనా కోపముందామ్మా?" అని మీరడిగితే, "మా ఇంట్లో కోపాలేం లేవండీ" అని నేనే జవాబిచ్చాను. బిడ్డ మాట ఇంట్లో ఎత్తొద్దన్నది కూడా నేనే. అది మీకు చెప్పలేదు.

చివరికి మీరు, "అమ్మాయికి ఇష్టం లేనట్టుంది, ఇక ఆపేద్దాం" అన్నారు. ఇంటికొచ్చే దారిలో తను అన్నది ఒక్కటే మాట: "కాళ్ళు పీకుతున్నాయి మావయ్యా."

దయచేసి ఆపకండి. ఆమెను ఒక్కదాన్నే పిలవండి. నేను బస్టాపులో ఉంటాను.

ఇది రాస్తుంటే మంచినీళ్ళు తెచ్చింది. "కూర్చో తల్లీ" అన్నాను. "పర్లేదు మావయ్యా" అని నిలబడే ఉంది. నేను లేస్తేగాని కూర్చోదు. బయట ఆరేసిన బట్టలు తీస్తానని చెప్పి లేస్తున్నాను.