ముప్పై ఒకటో ఇంజను బూడిదలో నా రాగి బిందె

కోమ్ తర్ఫా స్టేషను,
1920 ఏప్రిల్ 27, మంగళవారం.

గూడ్సు ఇంజన్ల సూపరింటెండెంటు దొరవారి సముఖమునకు, కోమ్ తర్ఫా ఇంజను షెడ్డు వద్ద ఫూల్, అనగా ఉడికిన చిక్కుడు గింజలు, అమ్ముకొని బ్రతుకు దర్దీర్ అబూ ఖతీత్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పోలీసు ఠాణాలో బాంబుగా నిలిపి ఉంచిన నా రాగి బిందెను ఇప్పించుట, డ్రైవరు షెనూదాను తిరిగి ఇంజను ఎక్కించుట గురించి.

పొద్దుటి నుండి ఎడారి మీది ఖమ్సీన్ వడగాలి వీస్తున్నది. పట్టాల మీద ఇసుక జానెడు లేచినది. ఖలాసీలు పారలతో ఎత్తిపోస్తున్నారు. నాకు మాత్రం పని లేదు. పని లేక నేటికి పదకొండు రోజులు. అందుచేత ఈ అర్జీ.

1. నేను ఇరవై రెండేళ్లుగా షెడ్డు వారికి పొద్దుటి ఫూల్ అమ్ముచున్నాను. చిక్కుడు గింజలు బిందెలో పోసి, మూత చుట్టూ పిండి మెత్తి, సాయంత్రం వేడి బూడిదలో పాతిపెడితే తెల్లారేసరికి వెన్నలా ఉడుకును. పూర్వం ఊరి వేడినీళ్ల స్నానశాల పొయ్యి బూడిద వాడేవాడను. అది మూతబడిన తరువాత ఇంజన్ల బూడిద గుంటను ఆశ్రయించాను. ఇందుకు ముప్పై ఒకటో ఇంజను బూడిదే పనికివచ్చును. కొత్త ఇంజన్లు బొగ్గును పూర్తిగా కాల్చుకొని చల్లని బూడిద రాల్చును. ముప్పై ఒకటి 1904 నాటిది. దాని పొయ్యి కమ్మీలు అరిగిపోయి, సగం కాలిన బొగ్గు కిందికి జారును. ఇంజనుకు ఇది లోపం. చిక్కుళ్లకు కాదు. కమ్మీలు మార్పించవద్దని దాని డ్రైవరు షెనూదాను నేను బతిమాలిన మాట నిజం. నా మాట వినక మార్పించమని అతను రెండుసార్లు వ్రాసిన మాటా నిజం. తమ కార్యాలయం వారే మార్చలేదు.

2. ఈ నెల పదహారున పొద్దున్నే కొత్త ఇన్‌స్పెక్టరు పింకార్డ్ దొరవారు బూడిద గుంట తనిఖీకి దిగారు. ముప్పై ఒకటి కింద, బూడిదలో, మూత బిగించిన రాగి బిందె బుసకొట్టుచుండుట చూశారు. నిరుడు దొరల ప్రభుత్వం మీద లేచిన గొడవల్లో జనం పట్టాలు పీకిన సంగతి తమకు తెలిసినదే. దొరవారు అతివేగంగా స్థలం మార్చారు. ఆ వేగంలో వారి టోపీ గుంటలోను, ఒక బూటు ఇంజన్లు తిప్పే బల్ల దగ్గరను నిలిచిపోయినవి. రెండూ నా వద్ద భద్రంగా ఉన్నవి.

3. నేను గరిటె, ఉల్లిపాయలు, రొట్టెల తట్టతో వచ్చేసరికి గుంట చుట్టూ జనం. ఇవాళ బేరం బాగుందనుకున్నాను. పోలీసు జమాదారు బిషారీ తుపాకి ఎత్తి నన్ను ఆపాడు.

"దర్దీర్ మామా, అక్కడే ఉండు. బాంబుంది."

"ఎక్కడరా?"

"అదుగో, ఆ బిందె."

"అది నాది. నిన్న అందులోంచే గదరా రెండు గిన్నెలు లాగించావు?"

"నిన్న బిందే. ఇవాళ దొర బాంబన్నాడు."

నేను దిగి, మూత తీసి ఒక గరిటెడు తిన్నాను. షెనూదా తిన్నాడు. బిషారీ కూడా తిని, "జీలకర్ర తగ్గింది మామా" అన్నాడు. అప్పటికే పైవారికి తంతి వెళ్లిపోయినది.

4. ఆ తంతిలో, మూత బిగించిన రాగి బాంబు ఒకటి ముప్పై ఒకటో ఇంజను కింద దొరికినట్టు ఉన్నదట. అందుచేత షెనూదాను ఇంజను దింపారు. ఆ ఇంజను వచ్చిన నాటి నుండి దాన్ని నడిపినవాడు ఇప్పుడు షెడ్డు గుమ్మంలో కూర్చుని, వేరొకరి చేతిలో దాని చక్రాలు జారడం వింటున్నాడు. "వాడు ఆవిరి ఎక్కువ ఇస్తున్నాడు మామా" అంటాడు. గురువారం అతన్ని ఎడారి లైనుకు పంపెదరట. అక్కడ వారానికి ఒక బండి.

తంతికి సరిపోవలెనని బిషారీ నా బిందె మూతను ఇనుప తీగతో బిగించి లక్క ముద్ర వేశాడు. లోపల ఇంకా సగం బిందెడు చిక్కుళ్లు ఉన్నవి.

"పారబోసి ముద్ర వెయ్యరా" అన్నాను.

"సాక్ష్యం మామా. ముట్టుకోకూడదు" అన్నాడు.

5. ఇదే ముఖ్యం. ఉడికిన చిక్కుళ్లు ఈ ఎండలో పూటకే పులియును. ఇప్పటికి పదకొండు రోజులు. మూత పైకి ఉబ్బినది. లోపల నుండి చప్పుడు వచ్చుచున్నది. ఠాణా వారు మంచాలు బయట వేసుకొన్నారు. నా చేతిలో ఉన్ననాడు అది బాంబు కాదు. ముద్ర పడిన తరువాత సంగతికి నేను పూచీ ఇవ్వలేను.

6. షెడ్డులో పొద్దుటి తిండి లేదు. రేకు డబ్బాలో ఉడికించి చూశాను. మాడినది. ఫైర్‌మన్లు వట్టి ఉల్లిపాయ నమిలి ఇంజను ఎక్కుచున్నారు. గూడ్సు బండ్ల ఆలస్యానికి కారణం తాము విచారిస్తున్నట్టు విన్నాను.

కావున బిందెను బిందెగాను, షెనూదాను డ్రైవరుగాను గుర్తించి ఉత్తర్వు దయచేయవలెను. ఆ బిందె మా నాయనది. అటువంటిది మరొకటి నాకు దొరకదు. ఆ తీగ ఓర్చుకొన్నంతలో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దర్దీర్ అబూ ఖతీత్

తా.క. అర్జీ కవరులో పెట్టకముందే పని జరిగిపోయింది. మధ్యాహ్నం పింకార్డ్ దొర సాక్ష్యం చూడ్డానికి ఠాణాకు వచ్చి లక్క ముద్ర మీద వేలు పెట్టాడు. మూత ఇప్పుడు పైకప్పులో ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దొర తెల్లబట్టల సంగతి రాయను. ఈ ఊళ్లో ఇక ఒక్క క్షణం ఉండనన్నాడు. స్టేషన్లో ఆవిరి మీద ఉన్నది ముప్పై ఒకటి ఒక్కటే. కొత్త డ్రైవరు ఆ చప్పుడుకు చెరకు తోటలో దూరాడు. దొర షెనూదాను ఎక్కమన్నాడు.

"నన్ను దించినట్టు కాగితం ఉంది దొరా. ఎక్కమన్నట్టు కూడా కాగితం కావాలి" అన్నాడు షెనూదా.

దొర నిలబడే రాసిచ్చాడు.

బిందె మెడ చీలింది. అతుకు వేయించుకుంటాను. ఇక తమరిని కోరేది ఒక్కటే. ఆ కమ్మీలు మార్చవద్దు.

ముప్పై ఒకటి నాలుగుంబావుకు బయలుదేరింది. షెనూదా నడిపాడు. దొర ఆఖరి వ్యాగనులో వెళ్లాడు.