పరీక్షించని రక్తం

బావగారికి,

మీ నివేదిక చదివాను. మన క్లినిక్‌కు వచ్చే హెచ్‌ఐవీ రోగుల్లో హెపటైటిస్-సి ఒక్కరికీ లేదని రాశారు. పరీక్షే చేయించకపోతే ఎలా కనిపిస్తుంది? పైగా మీటింగులో చప్పట్లు కొట్టించుకున్నారట, అక్క మురిసిపోతూ చెప్పింది.

ఆ రోగుల్లోనే ఒకడు, పోయిన నెల కాలేయం పాడై చనిపోయిన పెయింటరు గుర్తున్నాడా? "సార్, ఆయన చుక్క ముట్టి ఎరగరు" అని భార్య మొత్తుకుంటే, "అందరూ అదే అంటారమ్మా" అని నవ్వి, తాగుడే కారణమని రాసి పడేశారు. ఒకప్పుడు తమ్ముడూ తనూ ఒకే సూదితో మత్తుమందు ఎక్కించుకున్నామని అతను మీకు చెప్పబోయాడు. మీరు ఫోనులోంచి తలెత్తలేదు.

అందుకే రోగులను అడిగి, ఒప్పుకున్న అరవై మంది రక్తం నేనే పరీక్షించాను. పంతొమ్మిది మందికి రెండు జబ్బులూ ఉన్నాయి. హెపటైటిస్-సి సూదులతో అంటుకుని కాలేయాన్ని తినేస్తుందని, మూడు నెలలు మాత్రలు వేసుకుంటే నయమవుతుందని మీకు నేను చెప్పాలా?

"నీ పని రక్తం తీయడమే, పెత్తనం కాదు" అని నిన్న అరిచారు. పెత్తనం మీ దగ్గరే ఉంచుకోండి. ఎవరి రిపోర్టు వాళ్ల చేతికిచ్చేశాను. రేపు పొద్దున్నే ఆ పంతొమ్మిది మందీ మీ గది ముందుంటారు. మొదట లోపలికి వచ్చేది పెయింటరు తమ్ముడు. వాళ్లన్న చావుకు మీరు రాసిన కారణం అతనికి చదివి వినిపించాను.

మీ మరదలు