మా ఇంటి తలుపు తమరు తెరవనక్కర్లేదని మనవి

శ్రీయుత ఫిర్యాదుల విభాగం అధికారి గారి సముఖమునకు,
ఇంటర్నెట్ కంపెనీ, శుబ్రా శాఖ, కైరో.

అయ్యా,

విషయం: పోర్టు ఫార్వర్డింగ్ అను సదుపాయమును తీసేసి, ఎంత అడిగినా నాకు తిరిగి ఇవ్వనందున, ఇకమీదట కూడా ఇవ్వవద్దని కోరుట గురించి.

భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన రిఫాత్ బుత్రుస్ అను నేను సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా ఇంట్లో ఒక పాత కంప్యూటరు ఉంది. కీర్తిశేషులైన మా బావ నసీఫ్ పెళ్ళిళ్ళలో ఊద్ అనే తంతివాద్యం వాయించేవారు. ఆ వీడియో టేపులనూ, ఇంట్లో జరిగిన పుట్టినరోజులనూ ఒక్కొక్కటిగా అందులోకి ఎక్కిస్తున్నాను. మా అక్క ఇన్సాఫ్ మతిమరుపు ముదిరి ఎక్కడో అస్యూత్ ఊళ్ళో కూతురి దగ్గర ఉంటోంది. ఫోన్‌లో భర్త కనిపిస్తేనే ముద్ద మింగుతుంది, లేకపోతే నోరు తెరవదు. అసలు సంగతి ఇంతే. మిగతాదంతా తమ ఘనకార్యం.

2. మొన్నటిదాకా మా ఇంటికి ఇంటర్నెట్‌లో సొంత చిరునామా ఉండేది. మోడెంలో ఒక తలుపు తెరిచి ఉంచితే అక్క ఫోను తిన్నగా మా కంప్యూటరు దగ్గరికి వచ్చేది. పోర్టు ఫార్వర్డింగ్ అంటే ఇదేనని తమ ఉద్యోగులకు నేనే చెప్పవలసి వచ్చింది. తరవాత తమరు మా వీధి మొత్తానికీ ఒకే చిరునామా అంటగట్టారు. బయటినుంచి ఎవరొచ్చినా ఏ ఇంటికో తమకే తెలియదు కనుక గుమ్మంలోంచే తరిమేస్తున్నారు. మా మేడ కాపలావాడికి ఇంతకన్నా ఇంగితం ఉంది. పేరు అడిగి పైకి పంపిస్తాడు.

3. ఈ విషయమై తమ కార్యాలయమునకు స్వయముగా హాజరైతిని. కౌంటరులో షాకిర్ అనే ఆయన పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నారు.

"సొంత చిరునామా వ్యాపారాలకే ఇస్తాం మాస్టారూ. మీది ఇల్లు కదా."

"మా అక్క తిండి తినట్లేదు నాయనా."

"తిండి సంగతి మా విభాగం కాదండీ. మోడెం ఆపి మళ్ళీ వెయ్యండి."

"వేశాను."

"ఇంకోసారి వేసి చూడండి. పోనీ, ఆ వీడియోలేవో ఇంటర్నెట్‌లో అందరూ చూసేలా పెట్టెయ్యకూడదూ?"

"మా అక్క తన పెళ్ళిలో వేసిన డాన్సు ఊరంతా చూడాలా? ముందు మీ అమ్మగారిది పెట్టు. చూసి, ఆనక మాదీ పెడతాను."

ఆయన గింజలు కొరకడం ఆపారు. తమ కార్యాలయంలో నా వల్ల జరిగిన పని అదొక్కటే.

4. పెన్‌డ్రైవ్‌లో వేసి పంపమని ఇంకో మహానుభావుడు సెలవిచ్చాడు. పంపాను. కుక్క కేకు ఎత్తుకుపోయిన పుట్టినరోజు కావాలంది అక్క ఆ పూట. అది అందులో లేదు.

5. "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని తమనుంచి నా ఫోన్‌కు సందేశం వచ్చింది. ఆ రోజే అక్క చెంచా విసిరికొట్టింది. బడిలో ఇలాంటి జవాబు రాసినవాణ్ణి నేను బల్లెక్కించి నిలబెట్టేవాణ్ణి.

6. ఇట్లుండగా మా ఆవిడ అంజీల్, మొలోఖియా ఆకుకూర పొయ్యి మీద పెట్టి, వెల్లుల్లి కోసం బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దించింది. కింద కొట్టువాడికి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కడు.

"వాణ్ణి పైకి రమ్మని బతిమాలుతూ కూర్చుంటే ఈ పూట వంటయినట్టే. మీరూ ఉన్నారు, ఆ ఆఫీసు గుమ్మం పట్టుకు వేలాడుతూ" అంది.

నాకు అక్కడ బుద్ధొచ్చింది. తమరు రానివ్వనిది బయటివాళ్ళను. లోపలినుంచి బయటికి పోయేదాన్ని ఆపరు. అందుకని బయట ఊళ్ళో, సొంత చిరునామా ఉండి ఎవరైనా చేరగల చిన్న కంప్యూటరు ఒకటి అద్దెకు తీసుకున్నాను. మా కంప్యూటరు తనే బయటికి వెళ్ళి దానితో మాట కలిపి, ఆ దారి విడవకుండా పట్టుకుని ఉంటుంది. అక్క ఫోను అక్కడికి వస్తే చాలు, ఆ దారినే ఆవిడకు బావ కనిపిస్తారు. నిన్న రెండుసార్లు అడిగి మరీ తింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

కావున తమ తలుపు, తమ తాళం, తమ చిరునామా తమ వద్దనే పదిలంగా ఉంచుకొనవలసినదిగా ప్రార్థన. తమ కంపెనీ పుట్టకముందునుంచీ శుబ్రాలో బుట్టలు దించుతూనే ఉన్నారు. బుట్ట మాది, తాడు మాది. తమతో మాకు పనిలేదు.

ఇందలి ప్రతి అక్షరమూ చదివి, అర్థమైనంత మేరకు చిత్తగించవలెను.

తమ విధేయుడు (అలవాటు కొద్దీ రాశాను),
రిఫాత్ బుత్రుస్

తా.క. ఈ కాగితం మడుస్తుండగా మేనకోడలు మార్సెల్ ఫోన్ చేసింది. "మామయ్యా, నాన్న వాయిస్తూ వాయిస్తూ ఆగిపోయాడు. అమ్మ నోట్లో ముద్ద పెట్టుకుని కూర్చుంది. మింగదు, ఉమ్మదు" అంది. లేచి చూస్తే మోడెంలో ఎర్రదీపం. వీధంతా లైను పోయిందట. బుట్ట నాదే, తాడు నాదే. బాల్కనీ మాత్రం తమదని మరిచిపోయాను. అయ్యా, పైన రాసిందంతా ముసలివాడి నోటి దురుసు. షాకిర్ గారి అమ్మగారిని అన్నమాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. ఈ అర్జీ నేనే పట్టుకుని వస్తున్నాను. చదవకపోయినా పరవాలేదు, ముందు లైను వేయించండి.