నందిని గ్రహానికి మూఢం

జూన్ 12, 2025. గురువారం. ప్రొద్దుటూరు.

నందిని గ్రహాన్ని కనిపెట్టిందంట. నా కొడుకు మహేంద్ర కూతురు. బెంగుళూరులో వాళ్ల టీంలో ఇంకా శానామంది ఉన్నారు గానీ మొదట చూసింది మా పిల్లేనంట. ఈ సంగతి నాకు చెప్పింది నందిని కాదు. జమ్మలమడుగు నుంచి రమణమ్మ. నా కోడలి తల్లి.

"ఏమొదినా, పాప నీకింకా చెప్పలేదా?" అంది. ఆ అడగడంలోనే ఉంది అంతా.

ఇంటర్ దాకా ఈ ఇంట్లో జడ వేసి పంపింది నేను. మొదటి ఫోన్ ఆమెకు.

జూన్ 13

నందిని ఫోన్ చేసింది. ముందే చెబితే అది ఖాయమయ్యేదాకా నేను నిద్రపోనని ఆగిందంట. నిజమే, పోను. రమణమ్మ గుర్రు పెట్టి నిద్రపోతుంది కాబట్టి ఆమెకు ముందు చెప్పాలా?

ఆ గ్రహం మన గురుగ్రహం లాంటిదేనంట, ఇంకా పెద్దదంట. నిలబడడానికి నేల లేదు, అంతా గ్యాసే. దాని సూర్యుణ్ని ఆనుకున్నట్టే తిరుగుతుందంట. నాలుగు దినాలకు ఒక చుట్టు, దానికి అదే సంవత్సరం. అంత గ్యాసు, పక్కనే నిప్పు. ఫోన్ పెట్టేసి రెండుసార్లు వంటింట్లోకి పోయి సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి ఉందో లేదో చూసి వచ్చాను.

జూన్ 16

రమణమ్మ శనివారం నందినిని గండి గుడికి పిలుచుకుపోయి ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయిస్తుందంట. బంధువులందరికీ చెప్పేసింది. నన్ను కూడా రమ్మంది. నా మనవరాలి పూజకు నన్ను ఆమె పిలుస్తోంది.

జూన్ 17

చెప్పేశాను.

గురువు సూర్యుని దగ్గరికి పోయి కనపడకుండా పోతే మూఢం అంటాం. పెండ్లిండ్లు కూడా ఆపుకుంటాం. ఇప్పుడు నడుస్తున్నది అదే. మరి ఎల్లకాలం సూర్యుని పక్కనే పడి ఉండే గురువుకు? ఎల్లకాలం మూఢమే. రమణమ్మకు ఫోన్ చేసి అదే అన్నాను. "అట్లాంటిదానికి పూజ చేయిస్తే పాపకే కీడు తగుల్తాది వదినా. మళ్ల నీ ఇష్టం."

ఆమె గొంతు పడిపోయింది. నాకు కడుపు చల్లబడింది.

జూన్ 19

పూజ లేదు. నందిని ఊరికి రావడం లేదు.

ఆ మూఢం ఎప్పుడు వదుల్తాదని రమణమ్మ పాపనే అడిగిందంట. ఎప్పటికీ వదలదవ్వా అని పాప నవ్విందంట. రమణమ్మ సరిగా అన్నం తినడం లేదని కోడలు చెప్పింది.

కీడు అని నోటితో అన్నది నేను కదా. నిజంగా తగిలితే? నాకూ ముద్ద దిగలేదు.

జూన్ 20

పాపకు మూడుసార్లు ఫోన్ చేశాను. జ్వరమేం లేదంట.

జూలై 4. శుక్రవారం. సాయంత్రం ఏడు.

పులివెందులలో ఒక కాలేజీ వాళ్లు నందినిని పిలిచి మాట్లాడించారు. మహేంద్ర అందరినీ కారులో తీసుకుపోయాడు. ముందు వరసలో రమణమ్మ, పక్కన నేను.

తెర మీద ఒక గీత చూపించింది. అది నక్షత్రం వెలుగంట. గ్రహం అడ్డం వచ్చినప్పుడల్లా గీత కొంచెం కిందికి దిగుతుంది. గ్రహాన్ని ఎవరూ కంటితో చూడలేదంట. ఆ తగ్గిన వెలుగునే పట్టుకున్నారంట. అంతదాకా బాగానే ఉంది.

తర్వాత నా మనవరాలు మైకులో చెప్పింది. ఈ గురువుకు ఎప్పుడూ మూఢమేనా అని జమ్మలమడుగులో మా అవ్వ అడిగింది, సరిగ్గా అంతే, సూర్యుని వెలుగులో పడి కనపడదు కాబట్టే మాకింత పని అంది. అవ్వను లేచి నిలబడమంది.

రమణమ్మ లేచింది. హాలంతా చప్పట్లు.

ఆ మాట నాది. నాదని అంటే, ఎందుకన్నావు జేజీ అని పాప అడుగుతుంది. నేనూ చప్పట్లు కొట్టాను. అరచేతులు మండేదాకా కొట్టాను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో రమణమ్మ నా చెవి దగ్గరికి వంగింది. "నీ మాటేనని చెప్దామనుకుంటి వదినా. ఎందుకంటివో గూడా చెప్పాల్సొస్తాదని ఊరకుంటి."

పాప నవ్విన రోజే ఆమెకు అర్థమైపోయిందన్నమాట. ఇన్ని దినాలు ఎవరికీ చెప్పలేదు. పాప దగ్గర నా పరువు ఆమే కాచింది. మంచితనంలో కూడా ఆమే ముందు. దీన్ని మాత్రం ఓర్చుకోలేకుండా ఉన్నాను.

జూలై 6

రమణమ్మకు ఫోన్ చేశాను. ఎత్తింది. ముందు ఆమే మాట్లాడనీ అని నేను, ముందు నేనే మొదలుపెట్టాలని ఆమె. ఇద్దరిలో ఎవరూ పెట్టేయలేదు. ఎడమ చేత్తో ఫోన్ పట్టుకునే ఇది రాస్తున్నాను.